పడుగులో 32 పోగులు

తొమ్మిదో తరగతిలో కంప్యూటర్ లోపలి బొమ్మ బోర్డు మీద గీస్తుంటే, సిరిపురం నుంచి వచ్చే పిల్లగాడొకడు లేచాడు. "సార్, లెక్కలన్నీ ప్రాసెసరే చేస్తది గద. మళ్ల గ్రాఫిక్స్ కార్డు ఎందుకు? అది చేసేది గూడ లెక్కలే గద?"

వాళ్లింట్లో మగ్గం ఉంది. జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాను.

మా రామన్నపేట చుట్టుపక్కల ఇక్కత్ చీర మగ్గమెక్కే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు, వాటికి ఎదురుగా ఒక మేకు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పోగు అయితేనే తర్వాతి పోగు. పక్కన పదిమంది కూర్చున్నా ఆ పని తొందరగా తెమలదు, ఆడే చేయి వేగం పెరగాలంతే. ఆలేరు మండలం శారాజీపేట చింతకింది మల్లేశం 1999లో చేసింది అదే. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక ఆ చేతి ఆటను మోటారుకు అప్పజెప్పాడు. నాలుగు గంటలకు పైగా పట్టే పని గంటన్నరలో కావడం మొదలైంది.

ప్రాసెసర్ పని ఆసు పని. లెక్కలు కట్టే చేతులు, అంటే కోర్లు, తక్కువే. మా ఇంట్లో ఇప్పుడున్న రైజెన్ 5600జీలో 6. కానీ ఒక్కోటి మహా చురుకు. ముందున్న లెక్కలో 'ఔనా, కాదా' తేలకముందే, ఏదో ఒకటి ఊహించుకుని తర్వాతి పని మొదలుపెట్టేస్తుంది. ఊహ తప్పిందా, చేసిందంతా పారేసి వెనక్కొస్తుంది. ఈ ఊహలకూ, చేతికందేలా దాచుకునే క్యాష్ మెమరీకీ చిప్‌లో బోలెడు చోటు పోతుంది. అసలు కూడికలు, గుణకారాలు చేసే భాగం అందులో ఓ మూల ఉంటుంది.

మగ్గం సంగతి వేరు. కాలి కింద చెక్క తొక్కితే పడుగులో సగం పోగులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ సందులోంచి నాడె దూరిపోతుంది. పోగు పోగుకూ విడిగా 'లే' అని ఎవరూ చెప్పరు. తొక్కుడు ఒకటి, లేచేవి వందలు. అయినా చీర మీద డిజైన్ వస్తుంది. ఎందుకంటే చిటికి కట్టి రంగు అద్దినప్పుడే ఏ పోగు ఎక్కడ ఏ రంగో తేలిపోయింది. ఆజ్ఞ అందరికీ ఒకటే, ఎవరి రంగు వాళ్ల ఒంటి మీదే ఉంది.

గ్రాఫిక్స్ చిప్ సరిగ్గా ఇలాగే పని చేస్తుంది. కంప్యూటర్ వాళ్లు ఒక పని వరుసను థ్రెడ్ అంటారు, అంటే పోగే. ఎన్‌విడియా చిప్‌లో 32 థ్రెడ్లను ఒక కట్టగా కట్టి, కట్టంతటికీ ఒకే ఆజ్ఞ ఇస్తారు. ఒక్కో థ్రెడ్‌కు తన అంకెలు దాచుకునే రిజిస్టర్లు తనవే. ఆ కట్టకు వాళ్లు పెట్టిన పేరు 'వార్ప్'. ఇంగ్లిష్‌లో వార్ప్ అంటే పడుగు! ఇది నేను కల్పించిన పోలిక కాదు. తన చిప్‌లకు ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఆ కంపెనీ ఇచ్చే 'క్యూడా' అనే సరంజామా గైడ్‌లోనే, ఈ మాట నేతపని నుంచి వచ్చిందని రాసి ఉంది. పోటీదారు ఏఎండీ తన కట్టకు వేవ్‌ఫ్రంట్ అని పేరు పెట్టుకుంది. పాత చిప్‌లలో అందులో 64 పోగులు. ఏమాటకామాటే, పడుగే మంచి పేరు.

ఈ ఏర్పాటుకు ఒక చిక్కుంది. కట్టలో కొన్ని పోగులకు 'ఔను', కొన్నిటికి 'కాదు' అని వచ్చిందనుకోండి. ఔనన్నవి నడిచేంతసేపు కాదన్నవి ఊరికే నిలబడాలి. తర్వాత వీటి వంతు, అవి నిలబడాలి. 32లో ఒక్కటి పెడదారి పట్టినా మిగతా 31 ఆగాల్సిందే. మలుపులెక్కువున్న పనికి ఈ చిప్ పనికిరానిది అందుకే.

మెమరీ దగ్గర మాత్రం దీని తెలివి చూడాలి. మెమరీ నుంచి ఒక అంకె రావడానికి చిప్ గడియారం వందల టిక్కులు కొట్టాలి. అంతసేపూ ఎదురుచూడదు. ఆ పడుగును పక్కనపెట్టి, సిద్ధంగా ఉన్న ఇంకో పడుగును తక్షణం ఎత్తుకుంటుంది. రంగు ఆరేదాకా నేతింట్లో ఎవరైనా చేతులు కట్టుకుని కూర్చుంటారా? కండెలు చుట్టుకుంటారు. ఇదీ అంతే.

తెర మీద 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలుంటే మొత్తం 20,73,600. సెకనుకు 60 సార్లు గీయాలంటే 12 కోట్లు దాటుతాయి. ప్రతి చుక్కకూ దాదాపు ఒకే లెక్క, రంగే వేరు. మగ్గం పని కాక మరేమిటి! అలాగని మగ్గాలెన్ని పెంచినా ఆసు సమయం తగ్గదు. పది గంటల పనిలో గంటసేపు ఆసు ఉంటే, వెయ్యి మగ్గాలు పెట్టినా గంటలోపు చీర దిగదు. జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన సూత్రం సారం ఇదే.

ఇదంతా తెలిసీ నేను బోల్తా పడ్డాను. రామన్నపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చవగ్గా వస్తోందని ఒక ప్రాసెసర్ కొన్నాను. పేరు చివరి అక్షరం చూసుకోలేదు. ఆ అక్షరం ఉంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. ఇంట్లో ఫ్యాన్ తిరిగింది, కీబోర్డు దీపం వెలిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. తప్పు నాదే. మిత్రుడి దగ్గర ఒక కొత్త కార్డు అరువు తెచ్చి పెడితే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ లేచింది గానీ, మౌస్ బురదలో ఎద్దులా కదిలింది. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టి, గీత గీసి 'కే' చేరిస్తే ఏ కార్డును ఏ డ్రైవర్ నడుపుతోందో కనిపిస్తుంది. నా కార్డు కింద 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరుసే లేదు. కార్డు కంటే నా లినక్స్ గుండెకాయ, అంటే కెర్నెల్, ముందు పుట్టింది, దాన్ని గుర్తుపట్టలేదు. చుక్కలన్నీ ఎల్ఎల్‌వీఎంపైప్ అనే ప్రోగ్రాం సాయంతో ప్రాసెసరే గీస్తోంది. ఆసు మీద చీర నేస్తున్నట్టన్నమాట. కెర్నెల్ మార్చగానే మౌస్ నిక్షేపంగా కదిలింది. అప్పటి నుంచి లినక్స్‌కు కార్డు కొనేవాళ్లెవరడిగినా, మార్కెట్లోకి వచ్చి ఏడాదైనా గడిచినదాన్ని చూడమంటాను.

లినక్స్ డ్రైవర్ల విషయంలో ఏఎండీ, ఎన్‌విడియాలది పెద్ద కథే. ఏఎండీ 2007లో తన చిప్‌ల వివరాలు బయటపెట్టడం మొదలుపెట్టింది. ఎన్‌విడియా తలుపు తీయలేదు. నూవో అనే బృందం, ఆ కంపెనీ డ్రైవర్ కార్డుకు ఏ అంకెలు పంపుతోందో పొంచి చూసి తన డ్రైవర్ తానే రాసుకుంది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కెమెరా ముందే ఎన్‌విడియాకు మధ్యవేలు చూపించాడు. తర్వాత కార్డులు కంపెనీ సంతకమున్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాం) తప్ప ఒప్పుకోకపోవడంతో, నూవో కింద అవి పుట్టినప్పటి మందగతిలోనే నడిచేవి. 2022 మేలో ఎన్‌విడియా కూడా కెర్నెల్ భాగాన్ని తెరిచింది. ఆ తర్వాతిదంతా ఏఐ హడావిడి.

ఇంటికి ఏది కొనాలంటారా? ఉత్తరాలు, పిల్లల చదువు, సినిమాలైతే లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ చాలు. నా ప్రాసెసర్ మార్చుకుని 5600జీ తెచ్చుకున్నది అందుకే, దాని లోపలి గ్రాఫిక్స్‌లో 448 చిన్న లెక్కల యంత్రాలున్నాయి. ఆటలాడేవాళ్లకు డ్రైవర్ కెర్నెల్‌లోనే దొరికే ఏఎండీ కార్డు సుఖం. ఏఐ నేర్చుకోవాలంటే మాత్రం, టోర్వాల్డ్స్ వేలు గుర్తొచ్చినా ఎన్‌విడియానే కొనమంటాను. పాఠాలు ఎక్కువగా క్యూడాలోనే ఉన్నాయి. అప్పుడు వేగం కంటే ముందు కార్డు మెమరీ చూడండి. 700 కోట్ల పరామితుల మోడల్‌ను 4 బిట్లకు కుదిస్తే అంకెలకే 3.5 జీబీ కావాలి, 8 జీబీ కార్డులో ఊపిరాడుతుంది.

గంట కొట్టాక ఆ పిల్లగాడు మళ్లీ వచ్చాడు. "సార్, ఆ 32లో ఒక్క పోగు తెగితే?"

ఒక్క థ్రెడ్ తనది కాని మెమరీలో చేయి పెట్టినా ఆ పని మొత్తం రద్దవుతుంది, ప్రోగ్రాం మొదటి నుంచి నడపాలి అన్నాను.

"మా అమ్మయితే ముడేసి నడిపిస్తది సార్," అని సంచి తగిలించుకుని బస్సుకు ఉరికాడు.