శిలాక్షరం – ఛాయాచిత్ర సంస్కరణ

కడప జిల్లా ఎర్రగుంట్ల అనగానే నాపరాళ్ల గనులు, సిమెంటు కర్మాగారాలు, గుంతకల్లు – రేణిగుంట రైలుమార్గం స్ఫురిస్తాయి. తెలుగు చదువుకొన్న వారికి మాత్రం ఆ మండలంలోని కలమళ్ల గ్రామం ముందుగా స్ఫురించవలసి ఉంది. అక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలో పగిలిన ఒక స్తంభంపై లభించిన శాసనం రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఆ శాసనాన్ని, లభిస్తున్న తెలుగు శాసనాలలో మొట్టమొదటిదిగా పరిశోధకులు పరిగణిస్తున్నారు. రాజశాసనాలు ప్రాకృత, సంస్కృతాలలో వెలువడడమే పరిపాటిగా ఉన్న రోజులలో రేనాటి ప్రభువులు ప్రజల భాషను రాతికెక్కించారు. తెలుగుకు 2008లో ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించడానికి ముందు జరిగిన చర్చలలో ఈ శిలాక్షరాల ప్రసక్తి పలుమార్లు వచ్చింది.

అయితే పద్నాలుగు వందల సంవత్సరాలు ఎండకు ఎండి, వానకు తడిసిన రాయిని చదవడం సులభసాధ్యం కాదు. శాసన పరిశోధకులు చాలాకాలంగా అవలంబిస్తున్న పద్ధతి ఒకటి ఉంది. రాతిని శుభ్రపరచి, తడిపిన కాగితాన్ని దానిపై పరచి, అక్షరపు పల్లంలోకి కాగితం దిగేటట్లు కుచ్చుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. చెక్కిన అక్షరాలు తెల్లగా, చుట్టూ ఉన్న రాతి భాగం నల్లగా కాగితంపై నిలుస్తాయి. ఈ పనికి శిక్షణ, అనుమతి, ఓర్పు మూడూ కావాలి. ఊరి గుడిలోని శాసనాన్ని చూడవచ్చిన కళాశాల విద్యార్థికి ఆ అవకాశం ఉండదు. అతని చేతిలో ఉండేది ఒక కెమెరా, ఇంటిలో ఉండేది ఒక సామాన్యమైన కంప్యూటర్. ఆ రెండింటితోనే కొంత సాధించవచ్చునని నిరూపించిన సాధనాలలో గింప్ అనే సాఫ్ట్‌వేర్ ముఖ్యమైనది.

అమెరికాలోని బర్కిలీలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులైన స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ 1995లో దీని రచనకు పూనుకొన్నారు. 1996లో అది ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అప్పటికే వృత్తి చిత్రకారుల ఆదరణ పొందిన ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్ వెల సామాన్య గృహస్థునికి అందనిది. 2013 నుండి దాని కొత్త రూపాలకు నెలనెలా లేదా ఏటేటా చందా చెల్లించే పద్ధతి వచ్చింది. గింప్‌కు వెల లేదు. అంతకంటే ముఖ్యమైన విషయం, దాని మూలరచనను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదానిని ఇతరులకు పంచవచ్చు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ఉద్యమం కోరినది ఈ హక్కులనే. 1997లో గింప్ ఆ కుటుంబంలో చేరింది. వెల లేకపోవడాన్ని, స్వాతంత్ర్యాన్ని ఆంగ్లంలో ఒకే పదంతో చెప్పడం వలన ఆ ఉద్యమకారులు తమ ఉద్దేశాన్ని పదేపదే వివరించవలసి వచ్చింది. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు: ‘ఉచితం’ వేరు, ‘స్వేచ్ఛ’ వేరు. 2005లో హైదరాబాదు కేంద్రంగా ఆరంభమై, కంప్యూటర్‌ను తెలుగులో అందించడానికి కృషి చేసిన సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరునే ఎన్నుకోవడం ఎంతో ఉచితంగా ఉంది.

కంప్యూటర్‌కు ఛాయాచిత్రం అంకెల పట్టిక మాత్రమే. చిత్రంలోని ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంశాలు ఉంటాయి. సాధారణ చిత్రాలలో ఒక్కొక్క అంశం 0 నుండి 255 వరకు ఏదో ఒక విలువను పొందుతుంది. అంటే ఒక చుక్కకు సాధ్యమైన వర్ణాలు 1,67,77,216. ఇంత విస్తారమైన అవకాశంలో, మధ్యాహ్నపు ఎండలో తీసిన శాసన చిత్రం చాలా స్వల్పభాగాన్నే వాడుకొంటుంది. ఉదాహరణకు రాయి విలువలు 160 దగ్గర, అక్షరపు గాడి విలువలు 130 దగ్గర ఉన్నాయనుకొందాం. ఆ ముప్పై మెట్ల వ్యత్యాసంతో అక్షరం మసకగానే కనిపిస్తుంది. గింప్‌లోని ‘లెవెల్స్’ అనే ఉపకరణంతో 130ని సున్నాగా, 160ని 255గా నిర్ణయిస్తే నడుమనున్న విలువలన్నీ ఆ నిష్పత్తిలో విస్తరిస్తాయి. మసకగా ఉన్న గీత స్పష్టంగా కనపడుతుంది. అంతకుముందే రంగులు తొలగించి చిత్రాన్ని నలుపు తెలుపులలోకి మార్చుకొంటే నాచు మరకలు, పసుపు కుంకుమల జాడలు దృష్టిని మరల్చవు.

అయినా సాఫ్ట్‌వేర్ లేని అక్షరాన్ని సృష్టించి ఇవ్వలేదు, ఇవ్వకూడదు. ఉదయ సాయంకాలాలలో ఏటవాలుగా పడే వెలుగులో చిత్రం తీస్తే గాడి అంచున నీడ ఏర్పడుతుంది. ఆ నీడయే అసలు సమాచారం. నడినెత్తిన సూర్యుడున్నపుడు తీసిన చిత్రంలో నీడ లేకపోతే, తరువాత ఎన్ని గంటలు కూర్చున్నా ప్రయోజనం స్వల్పం.

ఇక్కడే జాగ్రత్త అవసరం. చిత్రంలోని ఒక భాగాన్ని మరొక చోటికి నకలు చేసే ‘క్లోన్’ అనే ఉపకరణం పెళ్లి ఫొటోపై పడిన మరకను తొలగించడానికి యోగ్యమైనది. శాసన చిత్రంపై దానిని ప్రయోగిస్తే రాతి పగులు మాయం కావచ్చు, లేని కొమ్ము మొలవవచ్చు. ప్రాచీన లిపిలో ఒక చిన్న వంపు ఉన్నదా లేదా అన్నదానిపై హ్రస్వమో దీర్ఘమో తేలుతుంది. ఒక స్వరం మారితే రాజు పేరో, ఊరి పేరో మారుతుంది. శాసన పరిష్కర్తలు శిథిలమైన చోట ఊహించిన అక్షరాలను చదరపు కుండలీకరణాలలో చూపుతారు. ఏది రాతిపై ఉన్నదో, ఏది పండితుని ఊహయో పాఠకునికి తెలియాలన్నదే దాని ఉద్దేశం. ఛాయాచిత్రానికి అటువంటి కుండలీకరణాలు లేవు.

ఆ లోటును కొంతవరకు ‘పొరలు’ పూరిస్తాయి. గింప్‌లో ఒక చిత్రంపై పారదర్శకమైన పత్రాలవలె అనేక పొరలను పరచవచ్చు. అడుగున అసలు ఛాయాచిత్రాన్ని తాకకుండా ఉంచి, దాని నకలుపై వెలుగునీడలను సవరించి, అన్నింటికీ పైన వేరొక పొరపై తాను చదివిన అక్షరాలను ఎర్రని గీతతో దిద్దుకోవచ్చు. పై పొరను దాచివేయగానే మిగిలేది రాయి. తన పాఠం సరియైనదా కాదా అని చదువరి ఎన్నిమార్లయినా సరిచూసుకోవచ్చు. అతనితో విభేదించేవారు కూడా అదే చిత్రంపై తమ పొరను చేర్చవచ్చు. 2025లో వెలువడిన 3.0 రూపంలో మరొక సౌకర్యం కలిగింది. చిత్రానికి చేసిన అనేక సంస్కారాలు చుక్కలలో శాశ్వతంగా కలిసిపోక విడిగా నిలుస్తాయి, తరువాత వాటిని మార్చవచ్చు, తొలగించవచ్చు.

పొరలు చెదరకుండా ఉండాలంటే చిత్రాన్ని గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో భద్రపరచాలి. బర్కిలీలో ఆ ఇద్దరు విద్యార్థులు సభ్యులుగా ఉన్న కంప్యూటర్ సంఘం పేరులోని పొడి అక్షరాలే అవి. ఇతరులకు పంపడానికి జేపెగ్ రూపం అనుకూలమే గాని, అందులో పొరలన్నీ ఒకటైపోతాయి. పరిమాణం తగ్గించే ప్రయత్నంలో సన్నని గీతల అంచులు కూడా చెదురుతాయి. కనుక శాసనాన్ని చిత్రించిన విద్యార్థి కెమెరా నుండి వచ్చిన మూలచిత్రాన్ని, పొరలున్న చిత్రాన్ని, పంపిణీకి చేసిన చిన్న చిత్రాన్ని వేరువేరు పేర్లతో దాచుకోవాలి. వాటితోపాటు గ్రామం, తేదీ, చిత్రం తీసిన వేళ, వెలుగు వచ్చిన దిక్కు ఒక కాగితంపై వ్రాసుకొంటే మరునాడు మరొకరు అదే రాతి ముందు నిలిచి చిత్రాన్ని పోల్చి చూడడానికి వీలవుతుంది.