షెడ్డులో మీటరు చూస్తాం, మన ఒంటి లెక్క చూడం



చాకీ పురుగులకి 27 డిగ్రీల వేడి, 85 తేమ ఉండాలని మనల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పెద్ద పురుగులకి 25 దాటితే కిటికీలకి తడి గోనెపట్టాలు కట్టేస్తాం. "మీ బీపీ ఎంతమ్మా?" అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. పోయిన సంవత్సరం దాకా మేమూ అంతే.

మా వదినకి 46 ఏళ్ళు. నాలుగో జ్వరం లేచినాక మేత ఎంత కావాలో మీకు తెలుసు కదా, ఆ రోజుల్లో ఆకు మోపు ఎత్తితే ఆయాసం, వీపు మధ్యలో నొప్పి. "మోసిన నొప్పే" అని నూనె పూసుకుంటా వచ్చింది. బీపీ చూసే అమ్మాయి ఇంటికి వస్తే "గూడు కట్టినాక రామ్మా" అని రెండు తడవలు పంపించేసింది. మూడో తడవ మేమే పట్టుకొని కూర్చోబెట్టినాం. 172/104. పంట మధ్యలోనే ఆసుపత్రికి పోయినాం. గుండెకి ఇంకా దెబ్బ తగల్లేదన్నారు.

బీపీ 120/80 లోపల ఉంటే మంచిది. మళ్ళీ మళ్ళీ చూసినా 140/90, ఆ పైన ఉంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. మోపు దించిన వెంటనే చూపించుకోవద్దు, కాఫీ తాగి అరగంటైనా కావాలి. వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చూసేటప్పుడు మాట్లాడకూడదు (మాకు కష్టమైంది ఇదే).

షుగరు పరగడుపున 100 లోపల ఉండాలి. 126, ఆపైన వస్తే ఇంకోసారి చూపించి ఖాయం చేసుకోవాలి. కాన్పుల కాలంలో షుగరో బీపీయో వచ్చి తరువాత తగ్గిపోయిన వాళ్ళు ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి. అది 20 ఏళ్ళ కిందటి కథ అనుకోవద్దు, గుండెకి లెక్కలోకి వస్తాది. ముట్లు నిలిచినాక చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతాది, రక్తపరీక్షలో అదీ చూపించండి.

నడుము కొలతకి ఖర్చే లేదు, టైలరు టేపు చాలు. చీర కట్టే చోట కాదు, కడపటి పక్కటెముకకి, తుంటి ఎముకకి నడిమధ్యన పెట్టాలి. మన ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. చెయ్యీ కాలూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ఉన్నా అంతే. మాలో ఇద్దరికి 90 దాటింది!

ఎక్కడ చూపించేది? 30 దాటిన వాళ్ళకి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఊరికే చూస్తారు. తమిళనాడు వాళ్ళకి ఇంటికే వచ్చి చూసే 'మక్కళై తేడి మరుత్తువం' 2021లో మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే మొదలైంది. కర్ణాటకలో 'గృహ ఆరోగ్య' కోలారు జిల్లాలో మొదలుపెట్టినారు. వాళ్ళు వచ్చినప్పుడు మేత పది నిమిషాలు ఆలస్యమైతే పురుగు చావదు.

ఎదలో నొప్పి, బరువు, దవడకో మెడకో వీపుకో పాకే నొప్పి, ఆయాసం, చల్లచెమట, వాంతి, ఇవి ఉన్నట్టుండి వస్తే నూనె పూసుకుంటా కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.

ఇప్పుడు పంట లెక్క రాసే పుస్తకంలోనే కడపటి పేజీలో మా నలుగురి బీపీ రాసుకుంటా ఉండాము. వదిన రోజూ మాత్ర వేసుకుంటా ఉంది, మొన్న 132/84 వచ్చింది. ఊరగాయ మాత్రం ఇంకా మానలేదు, జాడీ మేమే దాచిపెట్టినాం.