ఆసు చుట్టే లెక్క

పోచంపల్లి చీర మీది బొమ్మను మగ్గం గీయదు. నేతగాడు నాడె పట్టకముందే ఆ బొమ్మ నూలుపోగుల మీద ముక్కలు ముక్కలుగా సిద్ధంగా ఉంటుంది. నేసేటప్పుడు ఆ ముక్కలు వరసలో కుదురుకుంటాయంతే. పేక పోగు ఒక్కటి పక్కకు జరిగినా పువ్వు రేకు విరుగుతుంది. మరి ఇన్ని వేల పోగుల్లో దేని మీద ఎక్కడ రంగు పడాలో ముందే ఎలా తెలుస్తుంది? సరదాగా నేత నేర్చుకుందామని చిన్న మగ్గం కొనుక్కున్నవాళ్లను, ఇలా ముందే పోగులకు రంగులద్ది నేసే ఇక్కత్ తికమకపెట్టేది ఇక్కడే.

జవాబు ఆసులో ఉంది.

చూడటానికి అదేమంత గొప్ప వస్తువు కాదు. ఒక కొసన ఒంటిమేకు, ఎదురుగా అర్ధవృత్తంగా వంగిన చెక్క మీద వరసగా మేకులు. పోగును ఒంటిమేకు నుంచి వంపు మీది మేకుకు తీసుకెళ్లి, చుట్టి, వెనక్కి తెచ్చి, మళ్లీ తీసుకెళ్లడమే ఆసు పోయడం. వంపు ఎందుకు? ఎదుటి మేకులను తిన్నని గీత మీద కొడితే నడిమివి దగ్గరగా, చివరివి దూరంగా ఉండి పోగుల పొడవులు తేడా పడతాయి. ఇక్కడ ఒంటిమేకు వృత్తకేంద్రం. ప్రతి పోగూ ఒక వ్యాసార్థం. వ్యాసార్థాలన్నీ సమానమని బడిపిల్లలకూ తెలుసు. ఆ పొడవే దాదాపుగా బట్ట పన్నా, అంటే వెడల్పు.

అసలు తెలివి ఇంకోటుంది. మగ్గం మీద పేక ఒక అంచు నుంచి రెండో అంచుకు వెళ్లి, మలుపు తిరిగి వెనక్కి వస్తుంది. ఆసు మీదా పోగుది అదే నడక. అంటే ఇంకా నేయని బట్ట విసనకర్రలా విచ్చుకుని కళ్లముందు ఉంటుంది! చీరలో నిలువుగా దిగే చార దీని మీద చాపంలా కనిపిస్తుంది. నలుచదరం కేంద్రం వైపు ఇరుకవుతుంది. గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పేలికలతో బిగించి కట్టి, అద్దకం వేస్తారు. కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది కాబట్టే ఇక్కత్ బొమ్మల అంచులు మసకగా ఉంటాయి.

ఇంత చక్కటి పనిముట్టుకు ఒకటే లోపం, దాన్ని నడిపేది మనిషి భుజం. ఒక చీరకు చెయ్యి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. పన్నా మీటరు పైనే కనుక అది 9 కిలోమీటర్లు దాటే ప్రయాణం. ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పనే. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. ముందుకూ వెనక్కూ కదపడం మోటారుకు తేలికే. పోగును మేకు చుట్టూ తిప్పడం, లెక్క తప్పకుండా పక్క మేకుకు జరగడం మాత్రం కొరకరాని కొయ్య. మణికట్టు ఆలోచించకుండా చేసే పని అది! 1999కి గానీ కుదరలేదు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు. తర్వాత పేటెంటు, 2017లో పద్మశ్రీ, 2019లో ‘మల్లేశం’ సినిమా.

యంత్రం వచ్చి చేతికి విశ్రాంతినిచ్చింది గానీ పాత ఆసు లెక్కను మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

ఇంట్లో ప్రయత్నించాలనుకుంటే ఒక పలక, కొన్ని మేకులు చాలు. దారానికి పెన్సిలు కట్టి చాపం గీయండి. పేక పడుగు పోగుల పైనా కిందా పోతూ కొంత పొడవు తింటుంది కనుక వ్యాసార్థం బట్ట వెడల్పుకన్నా కొంచెం ఎక్కువ ఉంచండి. మొదట పువ్వుల జోలికి పోకుండా ఒక్క నిలువు చార కట్టి చూడండి. పోగు ఎక్కడ జారితే చార అక్కడే వంకర తిరుగుతుంది, సరిదిద్దుకోవడం సులువు.