హద్దు ఎవరికి?

అరబ్బీ గ్రంథాలను తెలుగు చేసేటప్పుడు ‘హద్’ అనే పదాన్ని మనం సాధారణంగా ‘శిక్ష’ అని వ్రాస్తాము. కాని ఆ పదం మనకు క్రొత్తది కాదు. పొలానికి హద్దు అంటాము, మనిషి హద్దు మీరాడంటాము. దాని మూలార్థమూ అదే. ఈ హద్దు నేరస్థునికే కాదు, శిక్ష విధించేవానికి కూడా ఉన్నదని ధర్మశాస్త్రవేత్తలు (ఫుఖహా) గ్రహించారు.

ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఒక ఉదంతమున్నది. హాతిబ్ (రజి) గారి బానిసలు ముజైనా తెగవాని ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. హజ్రత్ ఉమర్ (రజి) వారి చేతులు నరకమని ఆజ్ఞాపించారు. అంతలోనే, యజమాని వీరిని పస్తులుంచుతున్నాడని ఆయనకు తోచింది. 400 దిర్హములకైనా అమ్మనన్న ఆ ఒంటెకు 800 దిర్హములు చెల్లించమని యజమానినే ఆదేశించారు. ఇక్కడ చట్టం మారలేదు. దానిని అమలు జరుపుటకు కావలసిన పరిస్థితి లేదని ఆయన గుర్తించారు, అంతే.

ఈ వివేకం లోపిస్తే ఏమగునో పాకిస్తాన్ చరిత్ర చెబుతుంది. 1979 నాటి ఆర్డినెన్సు వ్యభిచారాన్నీ, బలాత్కారాన్నీ ఒకే చట్టంలో చేర్చింది. సాహీవాల్‌లో ఒక అంధ యువతి తనపై బలాత్కారం జరిగిందని మొరపెట్టుకున్నది. సాక్ష్యం చాలదని పురుషుని విడిచిపెట్టి, ఆమె గర్భాన్నే నేరానికి ఋజువుగా తీసుకొని, క్రింది కోర్టు ఆమెకు మూడేండ్ల జైలు, 15 కొరడా దెబ్బలు, జరిమానా విధించింది. 1983లో ఫెడరల్ షరీఅత్ కోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

పొరపాటు ఎక్కడ జరిగింది? ‘హద్’ విధించుటకు కావలసిన నలుగురు సాక్షులు లేరు. అయినా ‘తాజీర్’ అనే ప్రక్క ద్వారం గుండా శిక్ష లోనికి వచ్చింది. గర్భం మాత్రమే ఋజువు కాదని హనఫీ, షాఫయీ పండితుల అభిప్రాయం. మాలికీలు దానిని ఋజువుగా గ్రహించినా, బలవంతం జరిగిన సూచనలుంటే శిక్ష లేదన్నారు. స్త్రీని అపనింద నుండి కాపాడుటకు వచ్చిన నియమం చివరకు ఆమె మీదనే ప్రయోగించబడింది. 2006లో గాని బలాత్కారాన్ని ఆ ఆర్డినెన్సు నుండి వేరు చేయలేదు.

సందేహమున్నచోట హద్‌ను ఆపవలెనని ఫిఖహ్ సూత్రం. క్షమించుటలో జరిగిన పొరపాటును తరువాత సరిదిద్దవచ్చును. పడిన కొరడా దెబ్బను వెనుకకు తీసుకొనలేము.

మన దేశంలో ఈ శిక్షలు అమలులో లేవు, ఇది మనకెందుకని కొందరనవచ్చును. కాని నలుగురు సాక్షులను తేలేని అపవాదికి 80 దెబ్బలని ‘నూర్’ సూరా శాసించింది. న్యాయస్థానం లేకపోయినా, వీధిలో ఒక స్త్రీని గురించి నోరు విప్పేముందు ఆ హద్దు మనకూ ఉన్నదని గుర్తుంచుకొనవలెను.