రంగు ఆరేదాకా

దసరా సెలవులకు మా మనుమడు వస్తూ వస్తూ ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అందులో ఉన్నది విమానం. విమానమంటే ఎగిరేది కాదు; ప్లాస్టిక్ ముక్కలు జిగురుతో అతికించి, రంగులు వేసి, అలమారులో పెట్టుకుని చూసుకునే బొమ్మ. దాని పేరు నాట్. 1965 యుద్ధంలో మన వైమానిక దళం వారు నడిపిన బుల్లి యుద్ధవిమానం. తనకంటె పెద్దవైన సేబర్ విమానాలతో తలపడి పేరు తెచ్చుకుంది. అసలు విమానమే పొడవు 9 మీటర్లు లేదు. అందులో 72వ వంతంటే బొమ్మ 12 సెంటీమీటర్లు!

"అమ్మమ్మ బొమ్మల కొలువులో పెడతాను తాతయ్యా" అన్నాడు. కొలువుకింకా మూడు రోజులుంది.

ముక్కలు అతికించడం వాడి పని, రంగు వేయడం నా పని అని ఒప్పందం. తలుపులకూ కిటికీలకూ ఎన్నోమార్లు ఎనామిల్ వేసినవాణ్ణి గదా, జానెడైనా లేని ఈ బొమ్మ ఒక లెక్కా అనుకున్నాను. వాడి దగ్గర ఒక సీసాలో బూడిదరంగు అక్రిలిక్ ప్రైమరు ఉంది. అది నీళ్ళతో కలిపేది. ఇంకో చిన్న డబ్బాలో వెండిరంగు ఎనామిల్. పొద్దున్న ప్రైమరు వేశాను. మధ్యాహ్నానికి చేతికి అంటలేదు. సాయంత్రం ఎనామిల్ దట్టంగా పులిమాను. బయట ముసురు పట్టి ఉంది.

మర్నాడు రెక్క పట్టుకుని ఎత్తానో లేదో, వెండిరంగూ దాని వెనకే బూడిదరంగూ ఉల్లిపొరలా లేచి నా బొటనవేలికి అంటుకొచ్చాయి.

"నీళ్ళరంగు మీద నూనెరంగు ఎక్కడైనా నిలుస్తుందిరా? ఆ ప్రైమరు కొనడమే నీ తప్పు" అని తేల్చేశాను. వాడు ఏమీ అనలేదు. కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి.

ఆ వేళకు మా ఆవిడ అటక మీంచి కొండపల్లి బొమ్మలు దింపి తుడుస్తోంది. అంబారీ ఏనుగుకు ఒక మూల రంగు పెచ్చు లేచి ఉంది. మనుమడు దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"తాతయ్యా, రంగు కింద ఈ తెల్లదేమిటి?"

"సున్నం."

"సున్నం నీళ్ళతో కలిపేదేగా?"

నాకు నోట మాట రాలేదు. నిజమే మరి. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ముక్కలు అతికి, సున్నం పూసి, అది ఆరాక రంగులు వేస్తారు. ఎనామిల్ రంగులూ వేస్తారు. అడుగుపూత నీళ్ళదా నూనెదా అన్నది కాదు ముఖ్యం. అది ఆరిందా లేదా అన్నది.

అక్రిలిక్ పూతలో నీరు ఆవిరైపోతుంటే సన్నని రెసిన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని పొరగా బిగుస్తాయి. అలా పూర్తిగా బిగిశాక ఎనామిల్లో ఉండే టర్పెంటైన్ వంటి ద్రవం దాన్ని కరిగించలేదు. పైకి ఆరినట్లుండి లోపల చెమ్మ మిగిలితేనే చిక్కు. నేను చేసినది అదే. తడి మీద మూత బిగించాను. అదీగాక, ప్లాస్టిక్ ముక్కలకు అచ్చులోంచి వచ్చిన జిడ్డూ, మన వేళ్ళ జిడ్డూ ఉంటాయి. సబ్బునీళ్ళతో కడగనిదే ఏ పూతా పట్టదు.

ఎనామిల్ తీరు వేరు. దానిలోని ద్రవం కొద్ది గంటల్లో పోయినా, మిగిలిన రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ రోజుల తరబడి గట్టిపడుతుంది. అందుకనే దానిమీద తొందరపడి అక్రిలిక్ వేస్తే పగుళ్ళు వస్తాయి. ఇక కార్లకు వాడే ఘాటు థిన్నరు ఈ ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది, దాని జోలికి పోరాదు. రంగు పలచగా రెండుమార్లు వేయాలి. దట్టంగా వేస్తే రెక్కల మీది సన్నని గీతలు పూడిపోతాయి. కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గరలో దీపం గాని పొయ్యి గాని ఉండరాదు.

ఇదంతా తెలిశాక పాతరంగు గీకి, నీటికాగితంతో రుద్ది, సబ్బుతో కడిగి, మళ్ళీ ప్రైమరు వేశాం. కొలువు మర్నాడే. "ఇవాళే ఎనామిల్ వేసేద్దామా?" అన్నాను, వాడి ముఖం చూడలేక.

"వద్దు తాతయ్యా. బూడిదరంగుతోనే పెడతాను" అన్నాడు పన్నెండేళ్ళవాడు.

అంబారీ ఏనుగు పక్కన బూడిదరంగు నాట్ కూర్చుంది. పేరంటానికొచ్చిన అమ్మలక్కలు "ఇదేమిటి, రంగు వేయలేదేం?" అని అడిగితే, "ఆరుతోందండీ" అని జవాబిచ్చాడు.

ఈలోగా రెండు ప్లాస్టిక్ చెంచాల మీద పరీక్ష పెట్టాం. ఒకటి నా పద్ధతి: కడగకుండా, ప్రైమరు వేసిన సాయంత్రమే ఎనామిల్. రెండోది వాడి పద్ధతి: కడిగి, ప్రైమరు వేసి, మూడోనాడు ఎనామిల్. విజయదశమినాడు గోటితో గీరి చూశాం. నా చెంచా పెచ్చులు లేచింది. వాడిది చెక్కు చెదరలేదు. "ప్రైమరు తప్పు కాదురా, తప్పు నాదే" అన్నాను. ఆ మాట మొదటిరోజే అనవలసింది.

ఆ సాయంత్రం దీపాలు కొండెక్కాక వాడే స్వయంగా వెండిరంగు పలచగా వేశాడు. మర్నాడు బడికని ఊరెళ్ళిపోతూ, విమానం మీద అట్టపెట్టె బోర్లించి, నాకు అప్పగించి వెళ్ళాడు.

రోజూ ఫోన్ చేస్తాడు. "తాతయ్యా, రంగు వాసన పోయిందా?"

పెట్టె కొంచెం ఎత్తి ముక్కు పెడతాను. "ఇంకా కొంచెం ఉందిరా."

"అయితే ముట్టుకోకు."

ముట్టుకోలేదు.