పొద్దున నిండా చార్జింగు, పదింటికల్లా పడకేసే మందు మిషను

మిరప తోటలకు మందు కొట్టే రోజులొస్తే చాలు, చిలకలూరిపేట కాడైనా మార్టూరు కాడైనా ఒకటే గోల: "బ్యాటరీ నిలబడట్లేదన్నా". కొట్టుకెళితే కొత్త బ్యాటరీ చేతిలో పెడతారు. రెండు మూడు రోజుల కూలి దానికే పోద్ది. మళ్లీ ఏడాదికి అదే కత. పాతది ఎందుకు చచ్చిందో చెప్పేవాళ్లు లేరు. చెబితే కొత్తది ఎట్టా అమ్ముడుపోద్ది?

ముందు బ్యాటరీ మీద రాసున్న అంకె చూడండి. ఎక్కువ మిషన్లలో 12 వోల్టులు, 8 ఏహెచ్ అని ఉంటది. 4 ఆంపియర్లు లాగే మోటారుకు రెండు గంటలు వస్తదని మనం లెక్కేసుకుంటాం. రాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఆ అంకెను మామూలుగా 20 గంటల లెక్కన వేస్తారు. అంటే 0.4 ఆంపియర్ల చొప్పున నిదానంగా తోడితే 8 వస్తది. పదింతలు జోరుగా తోడితే అందులో మూడోవంతు దాకా బయటికి రాదు, గంటంపావుకే డీలా పడతది. గట్టిగా తోడేకొద్దీ తక్కువ వచ్చే ఈ సంగతిని జర్మనీలో ప్యూకెర్ట్ అనే ఆయన 1897లోనే సూత్రంగా రాసిపెట్టాడు. మన బిల్లు మీద మాత్రం ఇప్పటికీ ఆ ముక్క రాయరు. డబుల్ మోటారు మిషను ఫోర్సు చూసి మురిసి, అదే 8 ఏహెచ్ బ్యాటరీతో కొనుక్కొచ్చేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

రెండో సంగతి నిరోధం. కాలవ ఇరుకైతే నీళ్లు తక్కువ పారతాయి, వెడల్పైతే ఎక్కువ. కరెంటూ అంతే. వోల్టులను ఓముల నిరోధంతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. సిటీల్లో దొంగచాటుగా అమ్మే ఈ-సిగరెట్ సంగతి చూడండి. 1.5 ఓముల కాయిలు ఉంటే 4.2 వోల్టుల సెల్లు నుంచి 2.8 ఆంపియర్లు లాగుద్ది. పొగ దండిగా రావాలని 0.2 ఓముల కాయిలు పెడితే 21 ఆంపియర్లు. వేలెడంత సెల్లు అంత ఇవ్వాలంటే కాలిపోద్ది, ఒక్కోసారి పేలుద్ది. 2019 చట్టంతో మన దేశంలో దాని తయారీ, అమ్మకం నిషేధం, మొదటిసారి దొరికినా ఏడాది దాకా జైలు ఉంది. అది వేరే కత. లెక్క మాత్రం మన మిషనుకీ అదే.

మోటారు తిరిగేటప్పుడు తనలోనే ఎదురు వోల్టేజీ పుట్టి కరెంటును అదుపులో పెడతది. నాజిల్లో చెత్త ఇరుక్కుని, ప్రెషర్ స్విచ్ కూడా పనిచేయక మోటారు బిగుసుకుందనుకోండి, ఆ అదుపు పోయి ఉత్త కాయిలు మిగులుద్ది. దాని నిరోధం ఒక ఓమే అయితే 12 ఆంపియర్లు లాగుద్ది. వైరు వేడెక్కుద్ది, మోటారు కమురు వాసన కొడతది. అప్పుడు మనోళ్లు చేసేదేంది? నాజిలు ఊడదీసి నోటితో ఊదడం. పురుగు మందు నిండా తడిసిన నాజిలు! బ్యాటరీ పోతే పోయింది, ఆ ఊదుడు మాత్రం మానండి. మెత్తటి బ్రష్షూ, ఒక సీసాడు మంచినీళ్లూ గట్టు మీద పెట్టుకోండి. మందు వడగట్టి పోయండి, సగం జబ్బు అక్కడే పోద్ది.

నిరోధం ఉండకూడని చోటు కూడా ఉంది. మందు నీళ్లు కారి బ్యాటరీ క్లిప్పులకు పచ్చటి చిలుము పడతది. అక్కడ అర ఓము నిరోధం చేరినా, 4 ఆంపియర్లు పారేటప్పుడు 2 వోల్టులు దారిలోనే ఆవిరి. మోటారుకు చేరేది 10 వోల్టులే. బ్యాటరీ పోయిందని కొత్తది కొంటారు, పోయింది క్లిప్పు. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే అయిపోయేదానికి అంత ఖర్చు.

వోల్టేజీ తగ్గితే ప్రెషర్ తగ్గి బిందువులు లావెక్కుతాయి, ఆకు మీద నిలవక జారిపోతాయి. 2021లో మన మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూలల్లో, లేత ఆకుల సందుల్లో దాక్కునేది. చుక్కలు చుక్కలుగా కారే మందు దానికి అందదు. అప్పుడు "మందు పనిచేయలా" అని ఇంకో డోసు. పురుగు మందుల అప్పుల్లో 1987-88లోనే గుంటూరు, ప్రకాశం పత్తి రైతుల ప్రాణాలు పోయిన నేల ఇది. పడుకోబోతున్న బ్యాటరీతో కొట్టే ట్యాంకు కూడా ఆ అప్పుకే చేరుద్ది.

ఇంక మన బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది చేలో కాదు, ఇంట్లో. ఆఖరు కోత అయ్యాక మిషను ఖాళీ చార్జింగుతోనే అటక మీద పడేస్తాం. ఖాళీగా ఉన్న లెడ్ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత చార్జింగు పెట్టినా కరగదు. రెంటచింతల ఎండలకు అది ఇంకా తొందరగా జరుగుద్ది. నిండా చార్జింగు చేసి నీడపట్టున పెట్టి, రెండు నెలలకోసారి మళ్లీ చార్జింగు పెడితే చాలు. చిన్న మల్టీమీటరు ఊరికొకటున్నా సరిపోద్ది: చార్జింగు తీసి కొన్ని గంటలాగి చూస్తే 12.7 వోల్టుల దగ్గర ఉండాలి, 12కి దిగితే ముప్పాతిక ఖాళీ అని గుర్తు. మోటారు గొంతు మారగానే ఆపండి, పూర్తిగా పిండొద్దు.

యూట్యూబు చూసి పాత లాప్‌టాప్ సెల్లులు మూడేసి కట్టి లిథియం ప్యాకు చేసే తమ్ముళ్లకొక మాట. ఆ ప్యాకు 12.6 వోల్టులకే నిండుద్ది. లెడ్ బ్యాటరీ చార్జరు 14 దాటి ఎక్కిస్తది. రాత్రంతా దాన్ని తగిలించి పక్కన పడుకోవడమంటే పొయ్యిలో తల పెట్టడమే. దానికి తగిన చార్జరు, రక్షణ బోర్డు లేకుండా ఆ పని పెట్టుకోవద్దు.

పాత బ్యాటరీని కూడా ఊరికే వదలొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసిన, దిగుమతి చేసిన కంపెనీలదే. అందులో సీసం ఉంది, సీసానికి ధర ఉంది. కొత్తది కొనేటప్పుడు పాతదాని లెక్క బిల్లులో రాయమనండి. 4 ఆంపియర్లకు ఎన్ని నిమిషాలు వస్తదో కూడా అదే కాగితం మీద తెలుగులో రాయమనండి.