పేరు తీసేసినా మీరు దొరికిపోతారు: లటాన్యా స్వీనీ ఏం నిరూపించారు?

ఈ ఎపిసోడ్‌ని ఒక ఫారమ్‌తో మొదలుపెడదాం. మీ కాలేజీ వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో మెంటల్ హెల్త్ మీద ఒక సర్వే లింక్ పెట్టారనుకోండి. పైనే "మీ పేరు అడగం, భయపడకుండా రాయండి" అని ఉంటుంది. కింద మూడు మామూలు ప్రశ్నలు: పుట్టిన తేదీ, పిన్ కోడ్, ఆడా మగా. అసలు ప్రశ్నలు ఆ తర్వాత. పేరు లేదు కదా అని మనం నిజాలన్నీ రాసేస్తాం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాగే నమ్మాను. టెస్టింగ్ కోసం కస్టమర్ల డేటా వేరే టీమ్‌కి పంపాల్సి వచ్చింది. పేరు, ఫోన్ నంబర్ కాలమ్స్ డిలీట్ చేసి, "డేటా అనానిమస్ చేశాను సార్" అని మెయిల్ కొట్టేశా. ఎవరూ ఏమీ అనలేదు. అదెంత తప్పో లటాన్యా స్వీనీ అనే ప్రొఫెసర్ గారి రీసెర్చ్ చదివాకే అర్థమైంది.

ఆవిడ అమెరికాలో ఎమ్ఐటీలో చేరి, మధ్యలో మానేసి, కంపెనీ పెట్టి పదేళ్లు నడిపారు. తర్వాత మళ్ళీ చదువు మొదలుపెట్టి, 1995లో హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్లో డిగ్రీ తీసుకుని, తిరిగి ఎమ్ఐటీకి వెళ్లారు. 2001లో అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే.

అసలు కథ ఆవిడ ఎమ్ఐటీలో స్టూడెంట్‌గా ఉన్నప్పటిది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్స్ చూసే సంస్థ, సుమారు 1,35,000 మంది ఉద్యోగులు, వాళ్ల కుటుంబాల ఆసుపత్రి రికార్డుల్ని రీసెర్చ్ కోసం ఇచ్చింది. పేర్లు తీసేశాం కాబట్టి ఇబ్బంది లేదని వాళ్ల నమ్మకం. కానీ పుట్టిన తేదీ, జిప్ కోడ్ (అంటే వాళ్ల పిన్ కోడ్), ఆడా మగా అనే వివరాలు మాత్రం అందులో అలాగే ఉన్నాయి.

స్వీనీ ఏం చేశారంటే, 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జ్ నగరం ఓటర్ల జాబితా కొన్నారు. అందులోనూ అవే మూడు వివరాలున్నాయి, పక్కనే పేరు కూడా ఉంది. అప్పటి గవర్నర్ విలియం వెల్డ్ ఉండేది ఆ ఊళ్లోనే. ఆయన పుట్టిన తేదీనే ఉన్న ఓటర్లు ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. అంతే, పేరు లేని ఫైల్లో గవర్నర్ గారి మెడికల్ రికార్డు దొరికిపోయింది. ఇక్కడ హ్యాకింగ్ లేదు, పాస్‌వర్డ్ కొట్టేయడం లేదు. రెండు టేబుల్స్‌ని జాయిన్ చేశారు, మనం డీబీఎంఎస్ ల్యాబ్‌లో చేసిందే!

ఇదెలా సాధ్యం? ఒక చిన్న లెక్క చూడండి. 365 రోజులు, 80 ఏళ్లు, ఆడ మగ రెండు. గుణిస్తే 58,400 గడులు. ఒక జిప్ కోడ్‌లో 25 వేల మంది ఉంటే, వాళ్లలో సగానికి పైగా తమ గడిలో ఒంటరిగా ఉంటారు. 1990 జనాభా లెక్కల ఆధారంగా అమెరికా జనంలో 87 శాతం మందిని ఈ మూడు వివరాలతోనే గుర్తుపట్టొచ్చని స్వీనీ అంచనా వేశారు. తర్వాత 2006లో ఇంకో రీసెర్చర్ కొత్త లెక్కలతో చూస్తే 63 శాతం వచ్చింది. తగ్గినా, చిన్న సంఖ్యేం కాదు.

సమస్య చూపించి ఆవిడ ఊరుకోలేదు. పియెరాంజెలా సమరాటితో కలిసి 'కె-అనానిమిటీ' అనే పద్ధతి తెచ్చారు. ఇలాంటి వివరాలు చూస్తే ప్రతి వరుసా కనీసం కొన్ని వరుసలతో కలిసిపోవాలి, అదీ ఐడియా. పుట్టిన తేదీ బదులు సంవత్సరం మాత్రమే ఉంచడం, పిన్ కోడ్ చివరి అంకెలు తీసేయడం అన్నమాట. దీనికీ లోపం ఉంది. ఒకేలా కనిపించే ఐదుగురికీ ఒకే జబ్బు ఉంటే, మీ వరుస ఏదో తెలియకపోయినా మీ జబ్బు తెలిసిపోతుంది. అందుకే ఆ తర్వాత వేరే పద్ధతులు కూడా వచ్చాయి.

ఆవిడ రీసెర్చ్ ప్రభావం అమెరికా హెల్త్ ప్రైవసీ రూల్స్ మీద కూడా పడింది. తర్వాత ఆవిడ హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు, 2014లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి చీఫ్ టెక్నాలజిస్ట్‌గా పనిచేశారు. అంటే చూడండి, కోడ్ రాసిన మనిషే వెళ్లి రూల్స్ రాసేవాళ్ల పక్కన కూర్చున్నారు.

మరి మన సంగతి? మన పిన్ కోడ్‌లో జనం ఎక్కువే ఉండొచ్చు. కానీ దానికి కాలేజీ పేరు, బ్రాంచ్, ఫోన్ మోడల్ తోడైతే ఎంతమంది మిగులుతారు? మీరే లెక్కేసుకోండి.

కాబట్టి ఈసారి ఏ ఫారమైనా "పేరు అడగం" అంటే, ఇంకేం అడుగుతోందో చూడండి. పూర్తి పుట్టిన తేదీ ఎందుకని అడగండి. తప్పనిసరి కాకపోతే వదిలేయండి. ఇక డేటా మీద పనిచేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పేరు కాలమ్ డిలీట్ చేసి నాలాగా మెయిల్ కొట్టకండి. మిగిలిన కాలమ్స్‌ని ఇంకే లిస్ట్‌తో జాయిన్ చేయొచ్చో ఒక్కసారి ఆలోచించండి. ఆ ఫైల్లో ఉన్న మనుషులు మనల్ని ఎప్పుడూ చూసి ఉండరు, కానీ వాళ్ల గుట్టు మన చేతిలోనే ఉంటుంది.

ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.